పరీక్షలో ఉంది, విప్పవద్దు

మోరిస్‌విల్‌లో ఎవరింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా, భోజనాల దగ్గర ఎవరో ఒక కుర్రాడు ప్లేటు పట్టుకుని నా పక్కన చేరతాడు. గొంతు తగ్గించి అడుగుతాడు.

"అంకుల్, మీరు గన్ షాప్‌లో వర్క్ చేశారట కదా. బడ్జెట్‌లో మంచిది ఏదైనా రికమెండ్ చేస్తారా?"

నేను ముందు వాడి వీసా సంగతి అడుగుతాను. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి ఆలోచన చేసేముందు లాయరుతో మాట్లాడాలి. అది వినగానే సగంమంది పులిహోర వైపు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒకే ఒక్క పిస్తోలు కథ ఉంది. నిలబడి చెప్తే అన్నం చల్లారిపోతుంది కనక రాసి పెడుతున్నాను.

నేను తుపాకుల మనిషిని కాను. హైదరాబాద్‌లో పంపుల ఫ్యాక్టరీలోనూ, తర్వాత ఇక్కడ నార్త్ కరొలైనాలో వాల్వులు చేసే కంపెనీలోనూ క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరయ్యాను. ఎవరో చేసిన వస్తువును కొలిచి, తిప్పి, కింద పడేసి, పనికొస్తుందనో పనికిరాదనో రాసి సంతకం పెట్టడం తప్ప నాకు మరో విద్య రాదు. రిటైరైన కొత్తలో ఆ విద్యని ఇంట్లో చూపించాను. కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య వ్యవధిని డైరీలో రాసుకుంటున్నానని తెలిసిన రోజున మా ఆవిడ, "ఏమండీ, ఎక్కడైనా పని చూసుకోండి. జీతం ఇవ్వకపోయినా ఫరవాలేదు," అంది.

ఊరి బయట కౌంటీ రోడ్డు మీద ఒక తుపాకుల దుకాణం, దాని వెనకే షూటింగ్ రేంజి ఉన్నాయి. దాని యజమాని ఒకప్పుడు మా వాల్వుల కంపెనీలో మెషీన్ మీద పనిచేసినవాడు. అతను చేసిన పార్టుల్ని నేను ఎర్ర చీటీ కట్టి వెనక్కి పంపుతూ ఉండేవాణ్ణి. ఆ బాధ పడలేకే ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టుకున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. నన్ను "ఇన్‌స్పెక్టర్" అని పిలుస్తాడు. వారానికి మూడు రోజులు రమ్మన్నాడు. అతను, కౌంటర్‌లో ఉండే ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తాను. ఇక్కడివాళ్ళ యాసలోని సాగదీత మాత్రం మీరే ఊహించుకోవాలి.

ఒకరోజు అతను నా బల్ల మీద ఒక చిన్న పెట్టె పెట్టాడు.

"మొదటిసారి కొనేవాళ్ళు చవగ్గా, చిన్నగా, నమ్మకంగా ఉండేది కావాలంటున్నారు. ఇది తెప్పించాను. నువ్వు సరే అంటే ఇంకా తెప్పించి అమ్ముతాను. కాదంటే ఇది కంపెనీకి వెనక్కి వెళ్తుంది."

ఈ రోజుల్లో చవక పిస్తోళ్ళలో చాలావాటికి చేతితో పట్టుకునే భాగం ప్లాస్టిక్. ఇది అరచేతి కన్నా కాస్త పెద్దదిగా, మొత్తం ఉక్కుతో ఉంది. మెరుగు పెద్దగా లేదు. లోపలి అంచుల్లో ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. కాని కొలతలు తీసుకుంటే కలవాల్సిన చోట అన్నీ కలిశాయి. సైజుకి మాత్రం బరువెక్కువ. ఆ బరువే పేల్చినప్పుడు చేతికి వచ్చే ఎదురుదెబ్బని మింగేస్తుంది. ఆ సంగతి నాకన్నా ముందు కనిపెట్టింది కౌంటర్ ఆవిడ.

ఆవిడ అరవై దాటిన మనిషి. జీవితమంతా స్కూల్ బస్సు నడిపింది. ఆ స్టీరింగ్ తిప్పి తిప్పి మణికట్లు పోయాయి. భర్త పోయాక ఊరికి దూరంగా పొలాల మధ్య ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆ వేసవి చివర ఆవిడ షాపులో ఉన్న సమయంలో ఎవరో వెనక తలుపు తన్ని లోపలికి వెళ్ళి టీవీ, ఫ్రీజర్‌లోని మాంసం, భర్త చేపల గాలాలు పట్టుకుపోయారు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. పక్క పొలం ఆయన తలుపుని మళ్ళీ నిలబెట్టాడు. అప్పటినుంచి ఆవిడ మంచం మీద పడుకోవడం మానేసింది. వెనక తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో బేస్‌బాల్ బ్యాట్ పెట్టుకుని తెల్లవార్లూ కూచుంటుంది. పొద్దున్నే మేం వెళ్ళేసరికి షాపు ముందు కారులో తల వాల్చి నిద్రపోతూ ఉంటుంది.

ఇంట్లో భర్త రివాల్వర్ ఉంది గాని ట్రిగ్గర్ నొక్కడానికి ఆవిడ వేలి బలం చాలదు. షాపులోని తేలిక పిస్తోళ్ళు పేలిస్తే మణికట్టు లాగేస్తుంది. ఈ ఉక్కుదాన్ని రేంజిలో ఒక్కసారి పేల్చి, కింద పెట్టి, చెయ్యి విదిలించుకోలేదు. అదే మొదటిసారి.

"ఇది పాసైతే ఈ పీసు నాకు కొన్న ధరకే ఇవ్వాలి," అంది యజమానితో.

"పాసైతే నీదే. ఇన్‌స్పెక్టర్‌ని అడుగు."

నన్ను అడిగింది. "ఎప్పటికి పాసవుతుంది?"

"పరీక్ష చేశాక," అన్నాను.

"నీతో కాపురం చేస్తున్న ఆవిడకి నా సానుభూతి చెప్పు," అంది.

పరీక్ష ప్రణాళిక నేనే తయారుచేశాను. యజమాని అది చదివి, ఇది పేలడానికా, చంద్రుడి మీదికి వెళ్ళడానికా అని అడిగాడు. అందులో మీకు తెలియాల్సిన నియమం ఒక్కటే. మామూలు మనుషులు పిస్తోలు కొని డ్రాయర్లో పడేస్తారు, శుభ్రం చేయరు. కాబట్టి పరీక్ష పూర్తయ్యేదాకా నేను కూడా దాన్ని విప్పకూడదు, శుభ్రం చేయకూడదు. మసి పట్టినా, నూనె ఎండినా పేలుతుందా లేదా చూడాలి. పాత అలవాటు ప్రకారం దానికి ఎర్ర చీటీ కట్టాను. 'పరీక్షలో ఉంది, విప్పవద్దు' అని రాశాను. యజమాని ఆ చీటీని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. పాత గాయాలు.

బరువు తూచాలంటే షాపులో త్రాసు చెడిపోయి ఉంది. ఇంటినుంచి మా ఆవిడ మైసూర్‌పాకు కోసం వాడే త్రాసు పట్టుకెళ్ళాను. తిరిగి తెచ్చి, ఎక్కడుండేదో అక్కడే పెట్టాను. నా డైరీలో రాసుకున్న దాన్ని ఆవిడ చదివింది. త్రాసు మళ్ళీ వంటింట్లోకి రాలేదు. ఇప్పుడు అది గరాజ్‌లో ఉంది.

తర్వాత నడుముకి పెట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలి. పిస్తోలు ఇంటికి తెస్తే ఆవిడ ఇంట్లో ఉండనంది. అందుకని అంతే బరువున్న ఉక్కు ముక్క కోయించి, టేపు చుట్టి, బెల్టుకి తగిలించుకుని తిరిగాను. కూర్చున్నప్పుడు పక్కటెముకల్లో పొడిచేది. కార్లో సీటు బెల్టుతో తగువులాడేది. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు విరిచి చూస్తూ వంగినప్పుడు ప్యాంటు ఒకవైపు జారడం మొదలుపెట్టింది. ఒక చేత్తో బెండకాయలు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నాను. అప్పుడే మా గుడి కమిటీ ఆయన ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. తిరిగి పెట్టడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

కార్లో మా ఆవిడ అంది, "ఆయన ఏమనుకున్నారో."

"బరువు ఎక్కువ అని రాస్తాను," అన్నాను.

"ఎవరి గురించి?"

ఇలా పరీక్షలు సాగుతూ ఉండగా దసరా వచ్చింది. మాటల మధ్య నేనే అన్నాను, హైదరాబాద్‌లో ఆయుధ పూజ రోజున మా ఫ్యాక్టరీలో లేత్ మెషీన్లకి కూడా బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ పూట వాటిని పనిచేయనిచ్చేవాళ్ళం కాదని. యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంటే ఆయుధాలకి ఒక పండగ ఉందా? ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేం? ఈ జిల్లాలో నా దగ్గర ఉన్నన్ని ఎవరి దగ్గరున్నాయి?"

మా ఆవిడ ఆ షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు. తుపాకులంటే పడదు. కాని అమ్మవారి పూజ అని పిలిస్తే రాననడం ఆవిడ వల్ల కాలేదు. పట్టుచీర కట్టుకుని, పసుపు, కుంకుమ, గంధం, అక్షింతలు, కొబ్బరికాయ, నిమ్మకాయలు సర్దుకుని వచ్చింది. లోపలికి వచ్చి చుట్టూ చూసి, మొదటి బొట్టు డబ్బులు తీసుకునే మెషీనుకి పెట్టింది.

"అదేంటే, ఆయుధాలకి కదా," అన్నాను.

"జీతం ఇచ్చేది ఇదే కదండీ," అంది.

కౌంటర్ ఆవిడ పొడవాటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి పిస్తోళ్ళని వరసగా పేర్చింది. ఇక్కడ షాపు నియమం ఒకటి చెప్పాలి. ఏ తుపాకి బల్ల మీద పెట్టినా తూటాలు తీసేసి, పైభాగాన్ని వెనక్కి లాగి తెరిచి ఉంచాలి. ఖాళీగా ఉందని ఎవరికైనా కనపడాలి. చాలా మంచి నియమం. ఆ ప్రకారం అన్నీ నోళ్ళు తెరుచుకుని, ప్రసాదం కోసం చూస్తున్నట్టు పడుకున్నాయి. వరస చివర ఎర్ర చీటీతో మా ఉక్కు పిస్తోలు. దానికి కుంకుమ బొట్టు పెడుతూ మా ఆవిడ, "ఇదేనా మీ ప్యాంటు జార్చింది?" అని అడిగింది.

కొబ్బరికాయ కొట్టడం యజమానికి అప్పగించాం. మెట్టుకేసి కొట్టమంటే అతను సుత్తి తెచ్చుకున్నాడు. అది రెండు చెక్కలు కాలేదు, చాలా ముక్కలైంది. నీళ్ళన్నీ అతని చొక్కా తాగింది. తర్వాత మా ఆవిడ అందరి చేతుల్లో కాసిన్ని అక్షింతలు పోసి, నాతో, "వేయమని చెప్పండి వాళ్ళకి," అంది.

నేను చెప్పాను. కౌంటర్ ఆవిడ గింజ గింజా లెక్కపెట్టినట్టు మెల్లగా చల్లింది. యజమానికి మాత్రం బియ్యం విసరడం అంటే వాళ్ళ పెళ్ళిళ్ళే తెలుసు. చర్చి మెట్లు దిగి పారిపోయే పెళ్ళికొడుకు మీద విసిరినట్టు పిడికెడు బియ్యం బలంగా విసిరాడు. సరదా పుట్టి ఇంకో పిడికెడు తీసుకున్నాడు. "మీ ఆయుధాల పండగ బావుంది," అంటూ మూడోది విసిరాడు.

పూజ అయ్యాక షాపు పిస్తోళ్ళన్నిటినీ అతను విప్పి గాలి కొట్టి శుభ్రం చేశాడు. మా ఉక్కుదాని దగ్గరికి వచ్చి చీటీ చదివి, నావైపు చూసి, చేతులు రెండూ పైకెత్తి వెళ్ళిపోయాడు. నేను ఆలోచించాను. విప్పితే ఇన్నాళ్ళ పరీక్ష పాడవుతుంది. పైన బొట్టు తుడవడం శుభ్రం చేయడం కిందికి రాదని తేల్చుకున్నాను. తలకిందులు చేసి దులపడం కూడా రాదనుకున్నాను. దులిపితే కొన్ని అక్షింతలు రాలాయి. ఇంకోసారి దులిపాను, ఏమీ రాలలేదు. తృప్తిపడ్డాను. మా ఆవిడ అక్షింతలు నేతితో కలుపుతుందన్న సంగతి నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

చివరి రోజు వచ్చింది. ఆ రోజు పేల్చాల్సింది నేను కాదు, కొనబోయే మనిషి అని ప్రణాళికలో రాసి పెట్టాను. కౌంటర్ ఆవిడ జుట్టు బిగించి కట్టుకుని, చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని నిలబడింది. యజమాని వెనక గోడకి ఆనుకున్నాడు. ఈ చివరి తూటాలన్నీ ఆగకుండా పేలితే పాస్, ఆ సాయంత్రమే ఆవిడ పేరు మీద కాగితాలు మొదలవుతాయి. తేడా వస్తే పిస్తోలు తిరుగు టపాలో వెళ్తుంది, ఆవిడ తిరిగి కుర్చీలోకి వెళ్తుంది. అది ముగ్గురికీ తెలుసు.

మొదటి తూటాలు బాగా వెళ్ళాయి. టార్గెట్ కాగితం మధ్యలో చిన్న గుంపు కట్టాయి. తర్వాత ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. పైభాగం పూర్తిగా ముందుకు రాకుండా, గోరు పట్టేంత సందు వదిలి ఆగిపోయింది.

"ఆగండి, ముట్టుకోకండి, అలాగే ఉంచండి," అని నేను అరిచాను. కొలవాలి కదా.

ఆవిడకి మఫ్‌ల మీదుగా అది వినపడిందో లేదో. గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, యజమాని నేర్పినట్టే తూటాలుండే మ్యాగజైన్‌ని కిందినుంచి అరచేత్తో చరిచి, పైభాగాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగి వదిలింది. ఇరుక్కున్న తూటా ఎగిరి పడింది. మిగిలినవన్నీ వరసగా పేల్చేసి, తెరిచి, బల్ల మీద పెట్టి, నావైపు తిరిగింది. మొహం పాలిపోయి ఉంది.

"పోయిందా?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వెతికాను. ఖాళీ తూటా తొడుగుల మధ్య మసి పట్టిన చిన్న ముక్క ఒకటి కనపడింది. పట్టకారుతో తీశాను. యజమాని వంగి చూశాడు.

"స్ప్రింగ్ విరిగిందా? చవకదాని బుద్ధి ఇంతే. ఏం పార్టు అది?"

నేను వాసన చూశాను. మసి వెనక నెయ్యి వాసన వచ్చింది.

"సోనా మసూరి," అన్నాను.

"ఎవరు చేస్తారు దాన్ని?"

"కలిపింది మా ఆవిడ. విసిరింది నువ్వు."

అతను నెమ్మదిగా గోడ దగ్గరికి తిరిగి వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు తగువు మొదలైంది. పరీక్షలో ఒక్కసారి ఆగినా మళ్ళీ మొదటినుంచి చేయాలని నియమం. ఆ నియమం రాసింది నేనే. అదే చెప్పాను.

"ప్రపంచంలో ఎవడు పిస్తోలు మీద బియ్యం పోస్తాడు?" అన్నాడు యజమాని.

"నన్ను చూసి నీ దగ్గర కొనడానికొచ్చే మా తెలుగువాళ్ళందరూ పోస్తారు. ప్రతి దసరాకీ."

అతను ఏదో అనబోయి, ఆ మాటలో ఉన్న వ్యాపారం అర్థమై ఆగిపోయాడు.

కౌంటర్ ఆవిడ మఫ్‌లు తీసి మెడలో వేసుకుంది. "మళ్ళీ మొదటినుంచి అంటే ఎన్నాళ్ళు?" అని అడిగింది.

"క్రిస్మస్ దాకా పట్టొచ్చు."

"నేను కుర్చీలో పడుకుంటున్నాను. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"దాన్ని కింద పడేశావు. దుమ్ములో పెట్టావు. నీళ్ళు పోశావు. అవన్నీ నీ కాగితంలో పరీక్షలే. బియ్యం మాత్రం ఎందుకు కాదు? ఆగింది. నేను సరిచేశాను. మళ్ళీ పేలింది. దొంగ వచ్చినప్పుడు ఇంతకన్నా నాకేం కావాలి? దానిక్కూడా ఒక గీత గీసి రాసుకో."

నలభై ఏళ్ళు ఇన్‌స్పెక్షన్ చేశాను. నియమం పక్కన ఇంకో గీత గీయొచ్చని నాకెవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం పిస్తోలు పూర్తిగా విప్పాను. లోపల ఇంకో రెండు గింజలు దొరికాయి. విరిగినది ఏదీ లేదు. తుడిచి, బిగించి, అదే ఆవిడ చేత మరికొన్ని తూటాలు పేల్పించాను. ఎక్కడా ఆగలేదు. రిపోర్టులో కొత్త గీత గీసి, ఆగిన సంఖ్య దగ్గర 'ఒకటి' అనీ, కారణం దగ్గర 'ఆశీర్వాదం' అనీ ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. కింద సూచన కూడా చేర్చాను: పూజ చేసినచో విప్పి శుభ్రం చేయవలెను. యజమాని దాన్ని ఫ్రేము కట్టించి కౌంటర్ వెనక తగిలించాడు. కొనేవాళ్ళు అర్థం అడుగుతారు. అతను ప్రతిసారీ కొబ్బరికాయతో మొదలుపెడతాడు.

కాగితాల పనీ, ప్రభుత్వం చేసే విచారణా అయ్యాక పిస్తోలు ఆవిడదయింది. దాన్ని తాళం వేసి పెట్టుకునే చిన్న ఇనప పెట్టె మంచం పక్కన బిగించడానికి నేనూ యజమానీ ఆవిడ ఇంటికి వెళ్ళాం. అతను లోపల గోడకి రంధ్రాలు వేస్తున్నాడు. నాకు పని లేదు. పని లేకపోతే నేను కనపడిన వస్తువును పరీక్షిస్తాను. వెనక తలుపు వేసి ఉంది, గడియ కూడా తిప్పి ఉంది. ఒక వేలుతో నెట్టి చూశాను. తెరుచుకుంది.

మళ్ళీ వేసి, మళ్ళీ నెట్టాను. మళ్ళీ తెరుచుకుంది. పక్క పొలం ఆయన నిలబెట్టినప్పుడు తలుపు కీళ్ళ దగ్గర కుంగింది. గడియ నాలుక ఎదుటి రంధ్రానికి అందకుండా గాల్లో ఆగిపోతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ బ్యాట్ పట్టుకుని కాపలా కాసింది అసలు గడియే పడని తలుపుకి. మేం ముగ్గురం కలిసి పిస్తోలుని అన్ని వారాలు పరీక్షించాం. తలుపుని ఎవరం ముట్టుకోలేదు.

ఆవిడ వచ్చి నా వెనక నిలబడింది. నేను ఒక వేలుతో చూపించాను. తనూ ఒక వేలుతో నెట్టి చూసి, "మా ఆయన పైనుంచి చూసి నవ్వుకుంటూ ఉంటాడు," అంది.

యజమాని ట్రక్కులోంచి పొడుగు స్క్రూలు తెచ్చాడు. కీళ్ళు ఎత్తి బిగించాం. రంధ్రం మీది రేకు సరిచేశాం. ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. గడియ టక్కున పడింది. ఆవిడ దాన్ని పదేపదే వేసి తీసి వింది.

తర్వాతి సోమవారం షాపు ముందు ఆవిడ కారు లేదు. తాళం తీశాం. లైట్లు వేశాం. కస్టమర్లు వచ్చారు. కౌంటర్‌లో యజమానే నిలబడి తిట్టుకుంటున్నాడు. చాలా ఆలస్యంగా ఆవిడ వచ్చింది. బుగ్గ మీద దిండు ముడతల గుర్తు ఇంకా పోలేదు.

"నిద్రపోయాను," అంది. "మంచం మీద."

నాకు సంతోషం కలిగింది. వెంటనే అనుమానం కూడా కలిగింది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇది మా వృత్తిలో మొదటి రోజు నేర్పే సంగతి. పిస్తోలూ తలుపూ ఒకే రోజు పెట్టడం మాకు బుద్ధి తక్కువ. ఆవిడని పక్కకి పిలిచి వివరంగా చెప్పాను.

"ఒక వారం పిస్తోలు ఇక్కడే ఉంచి, తలుపుతోనే పడుకోండి. తర్వాతి వారం పిస్తోలు తీసుకెళ్ళి, తలుపు పాత పద్ధతిలో వదిలేయండి. అప్పుడు మనకి స్పష్టంగా తెలుస్తుంది."

ఆవిడ కాఫీ ఊదుకుంటూ అంతా శ్రద్ధగా వింది.

"రెండో వారం ఆ కుర్చీలో నువ్వు కూచుంటావా, రాసుకోవడానికి?"

"కావాలంటే కూచుంటాను."

"అయితే ముందు మీ ఆవిడని అడిగి రా."

నేను అడగలేదు. అందుకని ఆ పరీక్ష జరగలేదు. ఏది పనిచేసిందని నన్ను అడిగే కుర్రాళ్ళకి నాకు తెలియదనే చెప్తాను. ముందు ఇంటికెళ్ళి వెనక తలుపు ఒక వేలుతో నెట్టి చూడమని మాత్రం చెప్తాను. నేను ఆ పని మానేసి రెండేళ్ళయింది. ఆవిడ ఇప్పటికీ రోజూ ఆలస్యంగానే వస్తోందని యజమాని నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తూ ఉంటాడు.